పెట్టెలో ఉక్కపోత

పోయిన ఏడాది శ్రీరామనవమికి మా గుడిలో కల్యాణం జరుగుతోంది. పంతులుగారు మంగళసూత్రాలు చేతిలోకి తీసుకుని అందరికీ చూపిస్తున్నారు. సరిగ్గా అప్పుడే ప్రత్యక్ష ప్రసారంలో బొమ్మ ఆగి ఆగి రావడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో పూర్తిగా పోయింది. ఇక్కడ హ్యూస్టన్‌లో పొద్దున పదకొండు దాటింది, ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర. నిద్ర ఆపుకుని చూస్తున్న పెద్దవాళ్ళు ఎంతమందో. ఆ ప్రసారం నడిపే కంప్యూటర్‌ని విడిభాగాలు కొని బిగించింది నేనే. దాన్ని చెక్క బీరువాలో పెట్టి తలుపు వేసింది కూడా నేనే.

పది నిమిషాల్లో రాజమండ్రి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు.

"ఏరా నాన్నా, పంతులుగారు సూత్రాలు పట్టుకుని అలాగే ఉండిపోయారేంట్రా?"

కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది పిన్నీ అన్నాను.

"ఎక్కడ పెట్టావు దాన్ని?"

"బీరువాలో. ఫ్యాన్ల చప్పుడు మంత్రాలకి అడ్డం వస్తోందని తలుపు వేశాను."

"బీరువాలో పెట్టి తలుపేస్తే ఉక్కపోయదేంట్రా మరి!"

నాకు ఎలా జవాబు చెప్పాలో తెలియలేదు. నేను ముప్పై ఏళ్ళుగా సొంతంగా కంప్యూటర్లు బిగించుకుంటున్నాను. ఆవిడ ఎప్పుడూ ఒక స్క్రూ కూడా తిప్పలేదు. జబ్బు పేరు మాత్రం ఆవిడే చెప్పింది.

నేను నాగపూర్‌లో ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నాను. తెలుగు ఇంట్లో వినడమే. అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. ఉక్కపోత అనే మాట చిన్నప్పుడు వెయ్యిసార్లు విని ఉంటాను, రాయడం మాత్రం ఇదే మొదలు. నాలాగే నేర్చుకుంటున్న వాళ్ళకోసం చెప్తున్నాను: వేడి వేరు, ఉక్కపోత వేరు. వేడి ఎండలో నిలబడితే తెలుస్తుంది. ఉక్కపోత గాలి ఆడని చోట తెలుస్తుంది. తెలుగులో గాలి "ఆడుతుంది", ఊపిరి కూడా "ఆడుతుంది". రెండింటికీ ఒకే క్రియ. కంప్యూటర్లను చల్లబరచిన చరిత్ర చదువుతూ పోతే నాకు పదే పదే కనిపించింది ఇదే. ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే. గాలి ఎక్కడినుంచి వచ్చి ఎక్కడికి పోతుందన్నది మొదటి ప్రశ్న. చాలామంది తెలివైనవాళ్ళు, నాకంటే ఎంతో పెద్దవాళ్ళు, రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

మొదట్లో ఈ పొరపాటు చేసే వీలే లేదు. 1946 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్‌ను లోకానికి చూపించారు. అందులో 17 వేలకు పైగా వాక్యూమ్ ట్యూబులు. అది వాడే కరెంటు సుమారు 150 కిలోవాట్లు. కంప్యూటర్ తాగే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది, లెక్కలు చేసినందుకు అందులో ఏమీ తగ్గదు. అంటే ఒక గదిలో వందన్నర రూమ్ హీటర్లు పెట్టినట్టే. అందుకని దాన్ని కట్టినవాళ్ళు పెద్ద పెద్ద బ్లోయర్లతో గాలి తోలారు. ఏ అర అయినా మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మోస్టాట్లు కూడా పెట్టారు. గాలి దారి అన్నది యంత్రం నమూనాలో ఒక భాగం. ఎవరూ దాన్ని దాచాలనుకోలేదు.

దాచాలన్న కోరిక కంప్యూటర్ ఇంట్లోకి వచ్చాక మొదలైంది. ఇంట్లో చప్పుడు ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

1977లో ఆపిల్ 2 వచ్చింది. దానికి ఫ్యాన్ ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. ఆ రోజుల్లో మామూలు పవర్ సప్లైలు బరువుగా ఉండి బాగా వేడెక్కేవి. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు స్విచ్చింగ్ పద్ధతిలో తేలికైన, తక్కువ వేడెక్కే పవర్ సప్లై తయారుచేశాడు. అందువల్ల జాబ్స్ కోరిక తీరింది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత జనం లోపలి స్లాట్ల నిండా కార్డులు దూర్చడం మొదలుపెట్టారు, ఒక్కొక్క కార్డూ తన వేడి తాను తెచ్చుకుంది. కెన్సింగ్టన్ అనే కంపెనీ పెట్టెకు బయట తగిలించే ఫ్యాన్ ఒకటి అమ్మింది, దాని పేరు సిస్టమ్ సేవర్. యంత్రం చేసినవాళ్ళు వద్దన్న ఫ్యాన్‌ని కొన్నవాళ్ళు డబ్బు పెట్టి తెచ్చుకున్నారు.

ఆపిల్ 3 కథ ఇంకా బాధాకరం. 1980లో వచ్చింది, ధర 4,340 డాలర్ల నుంచి మొదలు. ఆఫీసులకోసం చేసిన యంత్రం. ఇందులోనూ ఫ్యాన్ లేదు, గాలికి రంధ్రాలూ లేవు. దాని బదులు అడుగున బరువైన అల్యూమినియం పోత పెట్టి, వేడిని ఆ లోహమే పీల్చుకుని బయటికి వదులుతుందనుకున్నారు. వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే లోపలి చిప్పులు సాకెట్లలోంచి కొద్దికొద్దిగా పైకి లేచేవి. అప్పుడు కంపెనీ వాళ్ళు ఇచ్చిన సలహా చదివి నేను నమ్మలేదు. యంత్రాన్ని బల్ల మీదనుంచి కొన్ని అంగుళాలు పైకెత్తి వదిలేయమన్నారు! ఆ దెబ్బకి చిప్పులు మళ్ళీ కూర్చుంటాయని. మా నాన్న రేడియో మీద చరిచి బాగుచేసేవారు, అచ్చం అలాగే. చివరికి మొదట అమ్మిన సుమారు 14,000 యంత్రాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పెట్టె రూపం గీసిన జెర్రీ మానక్ ఈ నింద ఒప్పుకోలేదు. పరీక్షల్లో వేడి బాగానే బయటికి పోయిందని, అసలు లోపం సర్క్యూట్ బోర్డులో ఉందని ఆయన వాదన. బోర్డులో లోపం ఉన్నమాట నిజమే. అయినా నా మనసు ఆ మూసిన పెట్టె వైపే పోతుంది. బహుశా నేనూ ఒక పెట్టె మూశాను కాబట్టి కావచ్చు.

1984లో మొదటి మాకింతోష్. దానికీ ఫ్యాన్ లేదు. పెట్టెకి సన్నని చీలికలున్నాయి, వేడిగాలి తనంతట తానే పైకి పోతుందని నమ్మకం. జనం దాన్ని టోస్టర్ అని వెక్కిరించారు. ఎవరో అట్టతో చేసిన పొగగొట్టం కూడా అమ్మారు, పేరు మ్యాక్ చిమ్నీ. కంప్యూటర్ నెత్తిన టోపీలా పెడితే గాలిని ఇంకొంచెం జోరుగా పైకి లాగుతుంది. నవ్వొస్తుంది గానీ అందులో విద్య ఉంది. మన ఊళ్ళల్లో కట్టెల పొయ్యి మీద పొగగొట్టం చేసే పని అదే. 1985లో జాబ్స్ ఆ కంపెనీ వదిలి వెళ్ళాడు, 1987లో వచ్చిన మాకింతోష్ ఎస్ఈలో ఫ్యాన్ పెట్టారు. మొదట పెట్టిన ఫ్యాన్ ఎంత రొద చేసిందంటే తర్వాత దాన్ని మార్చి మెత్తనిది పెట్టాల్సి వచ్చింది. అంటే జాబ్స్ చెవులది పూర్తిగా తప్పు కాదు.

ఐబీఎం వాళ్ళకి ఇలాంటి పట్టింపులు లేవు. 1981లో వచ్చిన వాళ్ళ పీసీలో 63.5 వాట్ల పవర్ సప్లై, దానిలోనే ఒక ఫ్యాన్. ప్రాసెసర్ మీద ఏమీ లేదు, చిన్న రేకు కూడా లేదు. ఇంట్లో బిగించుకునే కంప్యూటర్లన్నీ ఈ వంశంలోంచి వచ్చినవే. పదేళ్ళపాటు ఆ ఒక్క ఫ్యానే సరిపోయింది.

నేను మొదటిసారి సొంతంగా బిగించింది 1993లో. ఇక్కడ వారాంతాల్లో పెద్ద హాళ్ళలో కంప్యూటర్ విడిభాగాల సంతలు జరిగేవి. సంత అంటే నిజంగా సంతే, బేరాలాడేవాళ్ళం. 486 డీఎక్స్2 ప్రాసెసర్ కొన్నాను, 66 మెగాహెర్ట్జ్‌ది. అమ్మినతను దాని మీద పెట్టుకోమని చిన్న హీట్ సింక్, అగ్గిపెట్టెంత ఫ్యాన్ ఇచ్చాడు. ప్రాసెసర్‌కి విసరడమేమిటి అని నవ్వాను. ఆ బుల్లి ఫ్యాన్ ఏడాది తిరక్కుండానే కీచుమని అరిచి ఆగిపోయింది. అదే 1993లో పెంటియం వచ్చింది. అది 5 వోల్టుల మీద నడిచేది, సుమారు 16 వాట్ల వేడి ఇచ్చేది. ఆ వేడి అప్పట్లో అందరికీ వింతగా ఉండేది. ఇవాళ ఆ అంకె చూస్తే జాలేస్తుంది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొత్త కొలతల పద్ధతి తెచ్చింది. ఈరోజు మీరు ఇంట్లో బిగించే పెట్టెకి మూలం అదే. దానికి ముందు ప్రాసెసర్ పొడుగాటి కార్డుల కింద ఎక్కడో ఇరుక్కుని ఉండేది. ఏటీఎక్స్‌లో దాన్ని పవర్ సప్లై దగ్గరికి తెచ్చారు. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మొదటి నియమాల ప్రకారం పవర్ సప్లై ఫ్యాన్ బయటి గాలిని లోపలికి ఊదాలి, ఆ గాలి నేరుగా ప్రాసెసర్ మీద పడాలి. కాగితం మీద చక్కగా ఉంది. కాని ఆ గాలి పవర్ సప్లై లోపలినుంచి వస్తోంది, వస్తూ వస్తూ దాని వేడినీ మోసుకొస్తోంది. తాలింపు వేస్తున్న వంటింట్లోంచి పడకగదికి గాలి తోలినట్టు. తయారీదారులు చాలామంది ఫ్యాన్‌ని తిరగేసి బయటికి లాగేలా పెట్టారు, తర్వాత నియమాలు కూడా మారాయి. ఫ్యాన్ అదే, దిక్కు మారిందంతే.

తొంభైల చివర్లో కుర్రాళ్ళకి ఓవర్‌క్లాకింగ్ పిచ్చి పట్టుకుంది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్‌ని 450 మెగాహెర్ట్జ్‌తో పరిగెత్తించేవారు. వేడి తట్టుకోవడానికి పెట్టె పక్క రేకుకి రంపంతో రంధ్రం కోసి ఫ్యాన్ బిగించేవారు. ఆ పిచ్చిలోంచే పెద్ద హీట్ సింకులు, మంచి పెట్టెలు అమ్మే వ్యాపారం ఎదిగింది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు ఒక వీడియో తీశారు. నడుస్తున్న ప్రాసెసర్ల మీదనుంచి హీట్ సింకులు ఊడదీశారు. ఏఎండీ ఆథ్లాన్ పొగ కక్కి చచ్చిపోయింది. పెంటియం 3 ఆగిపోయింది. పెంటియం 4 మాత్రం తన వేగం తానే తగ్గించుకుని ఆట నడిపిస్తూనే ఉంది. మా కల్యాణం బొమ్మ ఆగి ఆగి రావడానికి కారణం ఇదే. వేడి హద్దు దాటితే ఇప్పటి ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, అయినా తగ్గకపోతే ప్రాణం కాపాడుకోడానికి మొత్తం ఆపేసుకుంటుంది. నేను ఆ రెండు నిమిషాలూ ఇంటర్నెట్‌ని తిట్టుకుంటూ గడిపాను.

అసలు వేడి ఇంత ఎందుకు పెరిగింది? 1965లో గోర్డన్ మూర్ చిప్పుల మీద రాసిన పేరుపొందిన వ్యాసంలోనే ఈ వేడి సంగతి అడిగాడు, ఫరవాలేదనే ధైర్యం కూడా చెప్పాడు. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన తోటివాళ్ళు ఆ ధైర్యానికి లెక్క చూపించారు. ట్రాన్సిస్టర్ చిన్నదైన కొద్దీ దానికి కావలసిన వోల్టేజి కూడా తగ్గుతుంది, కాబట్టి అదే చోట ఎన్ని ఎక్కువ పెట్టినా వేడి పెరగదు. ముప్పై ఏళ్ళు ఈ లెక్క నడిచింది. తర్వాత ట్రాన్సిస్టర్లు ఎంత చిన్నవయ్యాయంటే, ఆపి ఉంచినా కుళాయి కారినట్టు కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజి ఇక తగ్గించలేకపోయారు.

ఆ దెబ్బ తగిలింది 2004 ఫిబ్రవరిలో వచ్చిన పెంటియం 4 కొత్తరకానికి. దాని లోపలి పేరు ప్రెస్కాట్. వేడి 100 వాట్లు దాటింది. జనం దానికి ప్రెస్‌హాట్ అని పేరు పెట్టారు. అదే ఏడాది మేలో ఇంటెల్ దాని తర్వాత రావలసిన టేజస్ అనే ప్రాసెసర్‌ని పూర్తిగా రద్దు చేసుకుంది.

ఈ వేడికోసమే ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త పద్ధతి తయారుచేసింది. నాకు ఇది చాలా నచ్చుతుంది, మీరు నవ్వినా సరే. ముందువైపు ఒక పెద్ద ఫ్యాన్, దాని వెనకే ప్రాసెసర్, ఆ వెనక మిగతా చిప్పులు, అన్నీ ఒకే వరసలో. గాలి ముందునుంచి వచ్చి మలుపులు లేకుండా వెనక్కి పోతుంది. వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా తిన్నగా కనిపించే పాత పెంకుటిల్లులా. మొదటి ప్రశ్నకి ఇంత సూటిగా జవాబు చెప్పిన పెట్టె అంతకుముందు ఇంట్లోకి రాలేదు. కాని దానికి కొత్త మదర్‌బోర్డు కావాలి, కొత్త పెట్టె కావాలి. ఇంతలో 2006లో ఇంటెల్ 65 వాట్ల కోర్ 2 డ్యుయో తెచ్చింది. వేడి తగ్గేసరికి ఇల్లు మార్చే ఓపిక ఎవరికుంటుంది? బీటీఎక్స్ అక్కడితో ఆగిపోయింది. మనం ఇంకా 1995 నాటి ఏటీఎక్స్ ఇంట్లోనే ఉంటున్నాం.

ఆ ఇంట్లోనే మార్పులు చేసుకున్నాం. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పోయి 120, 140 మిల్లీమీటర్లవి వచ్చాయి. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తాయి, చప్పుడు తక్కువ. పవర్ సప్లై పైనుంచి అడుగుకి దిగి తన గాలి తాను వేరుగా తీసుకుంటోంది. ఇలా అంతా బాగుపడుతున్న వేళ, సుమారు 2016 నుంచి గాజు ఫ్యాషన్ వచ్చింది. పక్కన గాజు, ముందు కూడా గాజు, లోపల రంగురంగుల దీపాలు. ఫ్యాన్లు ఉన్నాయి, కాని గాజు వెనక ముక్కు మూసుకుని తిరుగుతున్నాయి. ఆపిల్ 3 కథే, ఈసారి చప్పుడు బదులు అందంకోసం. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ ముందువైపు జల్లెడలాంటి మెష్ పెట్టెలు వచ్చాయి.

నేను గుడికోసం కొన్నది అలాంటి మంచి మెష్ పెట్టే. మూడు ఫ్యాన్లు. ఇంట్లో పది నిమిషాలు పరీక్షించాను, 70 డిగ్రీలు దాటలేదు. బీరువాలో మూడు గంటలు పరీక్షించలేదు.

ఒక చిన్న లెక్క చెప్తాను. ఆ యంత్రం పని చేస్తున్నప్పుడు 300 వాట్లు తీసుకుంటుందనుకోండి. గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి ఆ వేడినంతా బయటికి మోయాలంటే సెకనుకి సుమారు 25 లీటర్ల గాలి కావాలి. అంటే సెకనుకి ఒక పెద్ద బిందెడు. బీరువా మొత్తం గాలి అర నిమిషంలో అయిపోతుంది. తర్వాత ఫ్యాన్లు అదే వేడిగాలిని మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఉంటాయి. ఇంకో నాలుగు ఫ్యాన్లు పెట్టినా ఇంకా జోరుగా తిప్పుతాయి, అంతే.

ఇది నాకు నాగపూర్‌లోనే తెలియాలి. మే నెలలో మా ఇంటి కిటికీకి కూలర్ పెట్టేవారు, రేకు డబ్బా, మూడు వైపులా తడిపిన వట్టివేళ్ళ తడికలు. దాని ముందు పడుకుని చల్లదనం బయటికి పోతుందని నేను తలుపులన్నీ మూసేసేవాణ్ణి. కాసేపటికి ఒళ్ళంతా జిగట. అమ్మ వచ్చి "ఆ వెనక కిటికీ తియ్యరా, గాలి పోతేనే గాలి వస్తుంది" అని కేకలేసేది. యాభై ఏళ్ళ తర్వాత అదే తలుపు మళ్ళీ వేశాను.

కల్యాణం మర్నాడు నేనూ ఇంకో వాలంటీరూ కలిసి బీరువా వెనక చెక్క ఊడదీశాం. ముందు తలుపు కింది భాగం కోసి జాలీ బిగించాం. తర్వాత ఒక అగరొత్తి వెలిగించి పెట్టె చుట్టూ తిప్పాం. పొగ ఎటు పోతే గాలి అటు పోతున్నట్టు. గుడిలో అగరొత్తులకి కొదవ లేదు కదా. ముందువైపు పొగ లోపలికి పోయింది. వెనక మాత్రం బయటికి రావలసింది లోపలికి పోతోంది! వెనక ఫ్యాన్ నేను తిరగేసి బిగించాను. ఫ్యాన్ అంచున బాణం గుర్తు ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళ అనుభవం అని పైన రాసుకున్నాను, దాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి. ముందున్న దుమ్ము జాలీ తీసి చూస్తే తివాచీ నూగు, కర్పూరం మసి కలిసి కాటుకలా పట్టింది. ఇప్పుడది నెలకోసారి కడుగుతున్నాను.

మళ్ళీ మూడు గంటలు నడిపి చూశాం, 72 డిగ్రీల దగ్గర నిలబడింది. చప్పుడు కొంచెం వినిపిస్తుంది. పంతులుగారిని అడిగితే "హోమగుండం దగ్గర కూర్చునేవాడికి ఇదొక చప్పుడా" అన్నారు. ఆయన్ని ముందే అడిగి ఉంటే బీరువా తలుపు వేసేవాణ్ణే కాదు.

పిన్నికి ఆ కల్యాణం రికార్డు చేసిన భాగం పంపించాను. సూత్రాలు చూపించడం వరకే ఉంది, కట్టడం లేదు. ఆవిడ ఏమీ అనలేదు. ఈ ఏడాది రామనవమికి మొత్తం చూసింది, తలంబ్రాలు అయ్యేదాకా మేలుకుని ఉంది. ఫోన్ చేసి మొదట అడిగింది, "ఆ పెట్టెకి గాలాడుతోందా?" అని. ఆడుతోందన్నాను. శనివారాలు మాత్రం కొంచెం కనిపెట్టుకుని ఉండాలి, ఎవరో ఒకరు పూలబుట్ట తెచ్చి సరిగ్గా ఆ జాలీ ముందే పెడతారు.